ముందు కొక్కెం సంగతి చూడమ్మా

దొనకొండ,
ఆదివారం సాయంత్రం

అమ్మలూ,

చిన్న విమానాల్లో ఇంటర్నెట్‌కు అన్ని కంపెనీలకూ పనికొచ్చే ఒకే ప్రమాణం రాసే బృందంలో నిన్నూ కూర్చోబెట్టారని మీ అమ్మ వీధంతా చెప్పొచ్చింది. ఆమెకు అర్థమైంది 'విమానంలో వైఫై' అన్న ముక్క ఒక్కటే అనుకో. నేను ముప్పై ఏళ్లు విమానాల రేడియోలూ వైర్లూ బాగుచేసి బతికినవాణ్ణి. ప్రమాణాలు ఏనాడూ రాయలేదు గానీ, రాసినవాళ్లను తిట్టుకుంటూ పనిచేశాను. ఆ చనువుతోనే ఈ ఉత్తరం.

మన పక్కింటాయన రోటవేటర్ కిందటి వారం పాడైంది. పొదిలి నుంచి ఇంకో కంపెనీది అద్దెకు తెచ్చాడు. ట్రాక్టర్‌ను వెనక్కి జరిపి, కింద రెండు చేతులకూ పైన ఒక కడ్డీకీ పిన్నులు దూర్చి, ఐదు నిమిషాల్లో చేలోకి వెళ్లిపోయాడు. ఆ మూడు చోట్ల మధ్య దూరం ఎంతుండాలో, పిన్ను ఎంత లావుండాలో ఎప్పుడో రాసిపెట్టారు కాబట్టి సరిపోయింది. ఇంజన్ ఎలా ఉండాలో ఆ కాగితంలో ఒక్క ముక్క ఉండదు. మీరూ ఇంటర్నెట్ పెట్టె లోపలి జోలికి పోకండి. అది విమానానికి తగులుకునే కొక్కేలు రాయండి. కరెంటు, యాంటెన్నా, డేటా. ఈ మూడింటి దగ్గర మాట కుదిరితే లోపల ఏం పెట్టుకుంటారో వాళ్లిష్టం.

ఇలా కుదిరిన సందర్భం మీ రంగంలోనే ఉంది. జీడీఎల్ 90 అనే తమ పెట్టె డేటాను ఏ వరసలో పంపుతుందో విమాన పరికరాలు చేసే గార్మిన్ కంపెనీ కాగితం మీద పెట్టి బయటికిచ్చింది. చుట్టుపక్కల విమానాలు తామెక్కడున్నాయో రేడియోలో చెప్పుకునే పద్ధతిని ఏడీఎస్-బీ అంటారు. ఇవాళ దాన్ని వినే రిసీవర్లు చేసే వేరే కంపెనీలు కూడా చాలా వరకు అదే భాషలో వైఫై మీద టాబ్లెట్‌కు పంపుతున్నాయి. అందులో నాకు నచ్చింది గుండె చప్పుడు లాంటి ఒక మెసేజ్. సెకనుకోసారి పెట్టె 'ఉన్నాను' అంటుంది. అది ఆగిందంటే తెర మీద బొమ్మ ఎంత ముద్దుగా ఉన్నా నమ్మకూడదు. స్పీడ్ గురించి మీవాళ్లు పది పేజీలు రాస్తారు, నాకు తెలుసు. లింక్ తెగినప్పుడు పైలట్‌కు ఏం కనబడాలో చెప్పే పేజీని ముందు నువ్వు రాయించు.

వాన మబ్బుల బొమ్మ సంగతీ అంతే. దాని మీద ఏ టైమ్ వేస్తారు? 2012లో అమెరికా ప్రమాద దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఈ విషయంలోనే పైలట్లను హెచ్చరించింది. అక్కడ చాలా రాడార్ల బొమ్మలు కలిపి ఒకటి చేసి విమానానికి పంపుతారు. తెర మీద కనిపించే వయసు ఆ కలిపిన బొమ్మది. లోపలి సమాచారం కొన్నిసార్లు దానికంటే 15, 20 నిమిషాలు పాతది కావచ్చట. వేసవి సాయంత్రం మన వైపు లేచే గాలివాన అంతసేపు ఆగుతుందా? తెర మీద పొదిలి దగ్గరే ఉంటుంది, అసలు మబ్బు దర్శి దారి పట్టి ఉంటుంది. బొమ్మలోని అన్నిటికంటే పాత ముక్క వయసే చూపించాలని రాయండి.

ఇక నేను చేతులు కాల్చుకున్న సంగతి. ఒక ఫ్లయింగ్ స్కూల్‌లో నాలుగు సీట్ల విమానం. టాబ్లెట్ కోసం చిన్న వైఫై పెట్టె పెట్టించారు. ఇంజన్ ఆన్ చేయగానే హెడ్‌ఫోన్‌లో బుస్సుమని ఒకటే మోత, టవర్ చెప్పేది సగమే వినబడుతోంది. యాంటెన్నా విప్పాను, కనెక్టర్ మార్చాను, రెండు రోజులు పోయాయి. తీరా చూస్తే పెట్టెకు ఏ రోగమూ లేదు. సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చిన చార్జర్, 28 వోల్టులను 5కి దించుతూ, పైలట్లు టవర్‌తో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ రేడియో బ్యాండంతా గోల చేస్తోంది. దాన్ని పీకగానే చెవులకు ప్రాణం లేచొచ్చింది. అందుకని పెట్టెను ఒంటరిగా ల్యాబ్‌లో పెట్టి పాస్ చేయొద్దు. చార్జర్‌తో, వైరుతో, యాంటెన్నాతో కలిపి పరీక్షించాలి. హద్దులు కొత్తగా కనిపెట్టే పని లేదు, విమాన పరికరాల పరీక్షలకు ఉన్న డీవో-160 అనే ప్రమాణంలోవే తీసుకోండి. యాంటెన్నాల దూరం మరిచిపోవద్దు. జీపీఎస్ 1575 మెగాహెర్ట్జ్ దగ్గర వింటుంది, ఇరిడియం అనే శాటిలైట్ ఫోన్ 1616 నుంచి మాట్లాడుతుంది. ఇంత పక్కపక్కన కాబట్టి ఒకదాని అరుపు ఇంకోదాని చెవిన పడుతుంది. పెద్ద విమానం వీపు మీద వాటిని దూరదూరంగా పెట్టొచ్చు. మన దానికి వీపే మంచమంత.

బరువు గురించి ఒక్క మాట. సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల విమానంలో నలుగురు ఎక్కితే ఇంధనం తగ్గించుకునే పరిస్థితి. అందులోకి ఐదు కిలోల పెట్టె తెచ్చేవాడిని నవ్వుతూనే సాగనంపు.

మీ బృందంలో ఎయిర్‌లైన్స్ నుంచి వచ్చినవాళ్లు ఉంటారుగా, వాళ్ల దగ్గర జాగ్రత్త. మన దేశపు 2018 నియమాల్లో విమానంలో ఇంటర్నెట్ సేవకు కనీసం 3000 మీటర్ల ఎత్తు అన్నారు. పెద్ద విమానం నిమిషాల్లో దాటేస్తుంది. ట్రైనర్ విమానం రోజంతా ఎగిరినా దానికి కిందే తిరుగుతుంది. ఆ అంకెను మీ ప్రమాణంలోకి ఎక్కించారంటే చిన్న విమానానికి తలుపు మూసినట్టే. దేశానికొక చట్టం, రేపు మారొచ్చు కూడా. ఎత్తును పెట్టెలో మార్చుకోగలిగే సెట్టింగ్‌గా వదిలి, ఎంత పెట్టాలో ఆ దేశపు చట్టానికి వదిలేయండి.

విమానంలో పరికరాల మధ్య డేటా మోసే పాత ఏఆర్‌ఐఎన్‌సీ 429 వైరును ముసలిదని నవ్వుతారు మీ వయసువాళ్లు. అందులో పంపేవాడు ఒక్కడే, మిగతావాళ్లు వినడమే. ఇంటర్నెట్ పెట్టెకు విమానం వేగం, ఎత్తు ఇవ్వాల్సి వస్తే అలాంటి ఒకవైపు దారే ఇవ్వండి. ఎవడో కుర్రాడు వీడియో చూసే దారిలోంచి ఆటోపైలట్ వైపు బిట్ కూడా వెనక్కి రాకూడదు. ఈ ఒక్కదానిలో మొహమాటానికి పోవద్దు, మీ బాస్ చెప్పినా సరే.

మొదటి మీటింగ్‌లోనే అడగాల్సింది ఇంకోటుంది. ఇందులో పేటెంట్లు ఎవరికున్నాయో అందరి చేతా కాగితం మీద రాయించండి. అన్నీ ఒప్పుకున్నాక చివర్లో జేబులోంచి తీసేవాళ్లుంటారు.

డ్రాఫ్ట్‌లో 'తగినంత', 'వీలైనంత', 'మంచి నాణ్యత' అన్న మాటలు ఎక్కడున్నా ఎర్ర ఇంకుతో కొట్టెయ్. హ్యాంగర్‌లో మీటర్ పట్టుకుని నిలబడ్డవాడు 'తగినంత'ను కొలవలేడు. ఆఖరి ఓటుకు ముందు ఒకరి పెట్టె, ఇంకొకరి యాంటెన్నా, మూడోవాళ్ల టాబ్లెట్ తెచ్చి ఒక మెకానిక్ ముందు పెట్టండి. మీరెవరూ నోరెత్తకుండా, కాగితం మాత్రం చేతికిచ్చి బిగించమనండి. అతను ఎక్కడ ఆగి తల గోక్కుంటాడో ఆ పేరా మళ్లీ రాయాలి.

ఆ మెకానిక్‌గా నన్ను పిలిస్తే చార్జీలు కూడా అడగను. సంక్రాంతికి వచ్చేటప్పుడు డ్రాఫ్ట్ ప్రింట్ తీసుకురా, ఫోన్‌లో నా కళ్లకు ఆనదు. అత్తయ్య కందిపొడి కొట్టి ఉంచింది.

మీ మామయ్య