పెట్టుకున్న తీర్మానం పది రోజులు కూడా నిలవడం లేదు, ఏం చేయాలి?

ముందు దాన్ని రాసుకున్న తీరు చూడండి. "ఆరోగ్యం బాగుచేసుకుంటాను" అనేది కోరిక. ఈ రోజు చేశారో లేదో దాంతో తేలదు. "రాత్రి భోజనం అవగానే 10 నిమిషాలు నడుస్తాను" అంటే తేలుతుంది. ఇందులో అసలు బలం "భోజనం అవగానే" అన్న మాటది. ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అన్నది ముందే ఖాయం చేసుకుంటే ఆ వేళకి మళ్లీ ఆలోచించే పని ఉండదు. మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలో ముఖ్యమైన భాగం దీని మీదే.

ఎక్కువమంది దెబ్బతినేది కొలత దగ్గర. ఉత్సాహంగా ఉన్న రోజు ఎంత చేయగలరో అంత పెట్టుకుంటారు. అలసిపోయి ఇల్లు చేరిన రోజు కూడా చేయగలిగినంతే పెట్టుకోండి. రెండు మూడు వారాలు సాఫీగా సాగాకే పెంచండి. ఒకేసారి ఒక్క తీర్మానమే.

21 రోజుల్లో అలవాటైపోతుందన్న మాట దయచేసి నమ్మకండి. అది నమ్మితే 22వ రోజున నిరాశపడి మానేయొచ్చు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం చేసిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి సుమారు 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని వాళ్ల అంచనా. ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదని కూడా అందులో తేలింది.

అందుకే తప్పిన మర్నాడు రెట్టింపు చేయకండి, మామూలు కొలతే చాలు. వారంలో మూడుసార్లు తప్పితే మాత్రం వేళో కొలతో మీకు కుదరలేదన్నమాట. నడకను పొద్దుటికి మార్చండి, లేదా 5 నిమిషాలకు తగ్గించండి.