కాలానికి తగిన జిన్

ప్రశ్న: మేము ఇంగ్లండ్‌లోని రీడింగ్ పట్టణంలో ఉంటున్నాము. ఇక్కడి ఒక చిన్న డిస్టిలరీలో (మద్యం బట్టీలో) కొద్ది మోతాదులో తయారైన క్రాఫ్ట్ జిన్ అనే మద్యం సీసా నాకు బహుమతిగా వచ్చింది. టానిక్ (కొంచెం చేదుగా ఉండే సోడా వంటి పానీయం) కలుపుకోవడం తప్ప మరో పద్ధతి తెలియదు. ఆయా కాలాలకు, ఆయా మనఃస్థితులకు తగినట్టు దీన్ని ఎలా ఆస్వాదించవచ్చో తెలియజేయగలరు.
– ఒక పాఠకుడు

జవాబు: 2009లో లండన్‌లో సిప్‌స్మిత్ సంస్థ చిన్న రాగి బట్టీకి లైసెన్సు సాధించిన తరువాత బ్రిటన్‌లో ఇటువంటి చిన్న డిస్టిలరీలు విరివిగా వెలిశాయి. వాటి జిన్‌లన్నిటికీ ప్రాణం జూనిపర్ అనే పొద కాయే అయినా, తక్కిన దినుసులు ఒక్కొక్కరివి ఒక్కో రకం కనుక, ముందు మీ సీసాలోని రుచి ఏమిటో తెలుసుకోవాలి. రెండు చెంచాల జిన్‌కు అంతే నీరు చేర్చి, ఐసు వేయకుండా వాసన చూడండి. జూనిపర్ వెనుక చాలా జిన్‌లలో మన ధనియాల వాసన తగులుతుంది. నీరు పడగానే కొంచెం పాలరంగు తేలితే కంగారు పడకండి. ఆల్కహాల్‌లో కరిగి ఉన్న దినుసుల నూనెలు నీటి పాలు పెరిగేసరికి విడివడటమే అందుకు కారణం.

మనఃస్థితి గురించి అడిగారు. ఉల్లాసంగా, నలుగురితో కలిసి ఉన్నప్పుడు జిన్ బాగుంటుంది. దిగులుగా ఉన్న రోజున మాత్రం సీసా జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను, ఎందుకంటే మద్యం దిగులును పెంచుతుందే తప్ప తగ్గించదు. మామూలు రోజుల్లోనైనా వారానికి 14 యూనిట్లు మించరాదని బ్రిటన్ వైద్యాధికారుల సూచన. 40 శాతం ఆల్కహాల్ ఉన్న జిన్ 25 మిల్లీలీటర్లు ఒక యూనిట్.

వేసవిలో గ్లాసు నిండా ఐసు వేసి, ఒక వంతు జిన్‌కు రెండు వంతుల టానిక్ చాలు. అంతకు మించితే మంచి జిన్‌కు పెట్టిన డబ్బు వృథా. టానిక్ చేదు గిట్టనివారు నిమ్మరసం, కొద్దిగా పంచదార పాకం, సోడాతో టామ్ కాలిన్స్ అనే పానీయం కలుపుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది శరదృతువు పని. అక్టోబరులో పొలాల కంచెల వెంట, ముళ్ల బ్లాక్‌థార్న్ పొదల్లో, పైన బూడిద పూసినట్టుండే ముదురు నీలి స్లో కాయలు పండుతాయి. పచ్చిగా కొరికితే వగరుకు నోరు పట్టేస్తుంది. అరకిలో కాయలను ఫోర్కుతో పొడిచి, పావుకిలో పంచదార, లీటరు జిన్ పోసి, మూత బిగించి చీకటిగా ఉన్న అలమారాలో ఉంచి, మొదట్లో రోజూ, తరువాత వారానికొకసారి కుదిపితే, మూడు నెలలకు కెంపు రంగు స్లో జిన్ సిద్ధమవుతుంది. దీనికి మాత్రం మీ బహుమతి సీసాను వాడకండి, సాదా జిన్ సరిపోతుంది.

చలికాలపు రాత్రి భోజనానికి ముందు జిన్, కంపారీ (చేదైన ఎర్రని ఇటాలియన్ మద్యం), తీపి వెర్మూత్ (మూలికలు చేర్చిన వైన్) సమపాళ్లలో కలిపిన నెగ్రోనీ బాగుంటుంది. చేదు ఇష్టపడేవారికే సుమా. వేడిగా కావాలనుకుంటే ఆపిల్ రసంలో లవంగాలు, దాల్చినచెక్క వేసి కాచి, పొయ్యి ఆర్పిన తరువాతే జిన్ కలపండి. మరుగుతుండగా పోస్తే జూనిపర్ సువాసన ఆవిరితో పోతుంది.