సెల్ఫ్ ఎక్స్‌ట్రాక్టింగ్ స్క్రిప్ట్: "జీజిప్ ఫార్మాట్‌లో లేదు" ఎర్రర్‌కు సమాధానం

సెల్ఫ్ ఎక్స్‌ట్రాక్టింగ్ స్క్రిప్ట్ (తన చివర అతికించిన ఆర్కైవ్‌ను, అంటే కుదించిన ఫైళ్ల మూటను, తానే విప్పే షెల్ స్క్రిప్ట్) నడిపితే ఈ ఎర్రర్ వస్తోందని అడిగారు. మీ ఆర్కైవ్ పాడవలేదు, కోసిన చోటే ఒక లైన్ తేడా. మార్కర్ అంటే స్క్రిప్ట్ ముగిసి ఆర్కైవ్ మొదలయ్యే చోటును చూపే లైన్. గ్రెప్ (లైన్లు వెతికే కమాండ్) ఇచ్చిన మార్కర్ లైన్ నంబర్‌నే టెయిల్‌కు (ఫైల్ చివరి భాగాన్ని ఇచ్చే కమాండ్) ఇచ్చారు కాబట్టి మార్కర్ కూడా ఆర్కైవ్ విప్పే టార్‌లోకి పోతోంది.

1. ఆ నంబర్‌కు ఒకటి కలపండి. మార్కర్ 24వ లైన్‌లో ఉంటే టెయిల్‌కు +25. ప్లస్ గుర్తు మరిచిపోతే చివరి 25 లైన్లే వస్తాయి.

2. గ్రెప్‌లో మార్కర్‌కు ముందు ^ (లైన్ మొదలు), వెనక $ (లైన్ చివర) పెట్టండి. లేకపోతే ఆ గ్రెప్ రాసిన లైన్ కూడా దొరికిపోయి రెండు నంబర్లు వస్తాయి.

3. ఎక్కువమంది వదిలేసేది ఇదే: మార్కర్ తర్వాత ఎంటర్ కొట్టి సేవ్ చేశాకే క్యాట్‌తో (ఫైళ్లను కలిపే కమాండ్) ఆర్కైవ్ అతికించాలి. కొన్ని ఎడిటర్లు చివర్లో కొత్త లైన్ వేయవు. అప్పుడు ఆర్కైవ్ మొదటి బైట్లు మార్కర్‌కే అంటుకుపోతాయి, $ కూడా కుదరదు. టెయిల్ అవుట్‌పుట్‌లో మొదటి రెండు బైట్లు హెక్స్‌లో చూడండి: 1ఎఫ్, 8బి (జీజిప్ ఫైల్ మొదలయ్యే బైట్లు) ఉంటే కోత సరిగ్గా పడ్డట్టే.

4. మార్కర్‌కు పైన ఎగ్జిట్ 0 (స్క్రిప్ట్‌ను అక్కడే ఆపే కమాండ్) ఉండాలి. లేకపోతే షెల్ బైనరీని కూడా కమాండ్లే అనుకుని చదివేస్తుంది, స్క్రీన్ నిండా చెత్త.

అతికించాక ఆ ఫైల్‌ను మళ్లీ ఎడిటర్‌లో సేవ్ చేయకండి, బైట్లు మారిపోవచ్చు. (నేను ఒక సాయంత్రమంతా ఇలాగే పోగొట్టుకున్నాను.) మార్పు ఉంటే స్క్రిప్ట్‌లో చేసి మళ్లీ అతికించండి.