పురుగుమందు వెతుకుతుంటే దొరికిన విషం

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన విషవాయువులూ, నెర్వ్ గ్యాసూ ఒకటేనా?

జవాబు: కావు. అప్పటి క్లోరిన్, ఫాస్జీన్ ఊపిరితిత్తులను కాల్చేవి. మస్టర్డ్ గ్యాస్ ఒంటిని బొబ్బలెక్కించేది. నెర్వ్ గ్యాస్ తర్వాతి కాలానిది. 1936లో జర్మనీలో పురుగుమందుల కోసం పరిశోధిస్తున్న గెర్హార్డ్ ష్రేడర్‌కు అనుకోకుండా టాబున్ అనే తొలి నెర్వ్ గ్యాస్ చిక్కింది. రెండేళ్లకు సారిన్ అనే మరొకటి తయారైంది. (గ్యాస్ అన్న పేరే సరికాదు, మామూలు వేడిమిలో ఇవి ద్రవాలు.) నాడి పంపిన సంకేతాన్ని ముగించవలసిన ఎంజైమును ఇవి పనిచేయనీయవు కనుక కండరాలు సడలడం మరిచిపోతాయి, కంటిపాప సూదిమొనంతవుతుంది, నోట నురగ వస్తుంది, చివరికి ఊపిరి ఆగుతుంది.

హిట్లర్ సైన్యం వేల టన్నుల టాబున్ నిల్వచేసినా రణరంగంలో వాడలేదు. ఆ పని 1980లలో, ఇరాన్‌తో యుద్ధంలో, ఇరాక్ చేసింది. 1988 మార్చి 16న ఇరాక్ విమానాలు తమ దేశంలోని కుర్దుల పట్టణం హలబ్జాపైనే రసాయన బాంబులు వేశాయి. మామూలు బాంబులనుకొని నేలమాళిగల్లో తలదాచుకున్నవారిని, గాలికన్నా బరువైన ఆ విషం అక్కడికే దిగి చంపింది. మృతులు 5,000 దాకా ఉంటారని అంచనా. యాపిల్ పండ్ల వాసన వచ్చిందని బతికి బయటపడినవారు చెప్పారు.

రసాయనాయుధాల నిషేధ ఒప్పందం 1997లో అమల్లోకి వచ్చింది. అయినా 2013 ఆగస్టులో సిరియాలోని ఘౌటాలో సారిన్ మళ్లీ వందలమంది ప్రాణాలు తీసింది.