పాత డిస్కు కమాండ్లు నేర్చుకుంటే ఉద్యోగానికి పనికొస్తాయా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. లినక్స్ అడ్మినిస్ట్రేటర్ కావాలని ఉంది. ఒక పాత పుస్తకం చూసి, డిస్కు సెట్టింగులు చూసే, మార్చే హెచ్‌డీపార్మ్ కమాండుతో హార్డ్‌డిస్కుకు డీఎంఏ (ప్రాసెసర్ మోయకుండా డేటా నేరుగా మెమరీకి చేరే పద్ధతి) ఆన్ చేయబోతే ఎర్రర్ వచ్చింది. ఇలాంటివి నేర్చుకోవడం దండగేనా?

జవాబు: దండగ కాదు. ఎర్రర్ రావడంలో మీ తప్పు కూడా లేదు. ఆ పుస్తకం సాటాకు ముందు వాడిన ఐడీఈ రకం డిస్కుల నాటిది. అప్పట్లో డిస్కు పీఐఓ పద్ధతిలో ఉండిపోతే డేటానంతా ప్రాసెసరే మోయాల్సి వచ్చేది. ఎంత బాగా నడిచినా సెకనుకు 16.7 మెగాబైట్లు దాటేది కాదు. డీఎంఏకు మారిస్తే ఆ చాకిరీ తప్పేది కాబట్టి చేత్తో మార్చుకునేవారు. ఇప్పటి సాటా రకం డిస్కులకు కెర్నల్‌లో (లినక్స్ గుండెకాయలో) డిస్కులను నడిపే లిబ్‌ఏటీఏ అనే భాగం ఆ పని తనే చూసుకుంటుంది, మనల్ని వేలు పెట్టనివ్వదు. అదే కమాండులో డేటా పంపే మోడ్‌ను మార్చే పెద్ద ఎక్స్ (-X) ఆప్షన్ జోలికి మాత్రం అసలు వెళ్లకండి. పొరపాటు మోడ్ పెడితే డేటా పోవచ్చు.

మార్చడం పోయినా, చూసి తెలుసుకోవడం మిగిలే ఉంది. నేను మీ చేత నేర్పించాలనుకునేది అదే. కెర్నల్ సందేశాలు చూపే డీమెసేజ్ (dmesg) కమాండు నడపండి. సాటా లింకు 6.0 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు) అని ఒక వరుస, ఆ దగ్గరలోనే యూడీఎంఏ/133 (పాత ఐడీఈ కాలపు డీఎంఏ మోడ్ పేరు) అని ఇంకొకటి కనిపిస్తాయి. రెండోది చూసి డిస్కు వేగం అంతే కాబోలు అనుకునేవారు చాలామంది. సాటాలో ఆ సంఖ్య పేరుకే. నమ్మాల్సింది లింకు వేగాన్ని. 6 ఉండాల్సిన చోట 1.5 కనిపిస్తే డిస్కు ఆరోగ్యం చూపే స్మార్ట్‌సీటీఎల్ కమాండుతో 199వ అంశం చూడండి, అది సీఆర్‌సీ తప్పుల లెక్క, అంటే దారిలో డేటా పాడైన సార్ల లెక్క. ఆ లెక్క పెరుగుతూ ఉంటే ముందు కేబుల్‌ను అనుమానించండి. కొత్త కేబుల్ వేశాక పాత లెక్క తగ్గదు, పెరగడం ఆగుతుంది. కంగారుపడి మంచి డిస్కును పారేయకండి.

“సర్వర్ నెమ్మదించింది, ఏం చేస్తారు?” అని ఇంటర్వ్యూలో అడిగితే పది కమాండ్ల పేర్లు ఏకరువు పెట్టడం కంటే, ఈ కేబుల్ కథను వరుస తప్పకుండా చెప్పగలిగితే చాలా బలం. మీరు స్వయంగా చేసి ఉంటేనే అలా చెప్పగలరు.

సర్టిఫికెట్ల సంగతి. హెచ్‌డీపార్మ్ ఎల్‌పీఐసీ-2 అనే రెండో స్థాయి లినక్స్ సర్టిఫికెట్ సిలబస్‌లో ఉంది, దానికి మీకు ఇంకా సమయముంది. ముందు రెడ్ హ్యాట్ సంస్థ పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష రాయమంటాను. అందులో బహుళైచ్ఛిక ప్రశ్నలు ఉండవు, సిస్టమ్ ముందు కూర్చుని పార్టిషన్లు (డిస్కును భాగాలు చేయడం), ఎల్‌వీఎం (డిస్కు స్థలాన్ని కలిపి పంచుకునే ఏర్పాటు) వంటివి చేసి చూపాలి.

ఈ వారమే మొదలుపెట్టండి. కంప్యూటర్‌లో నడిచే మిగతా పనులన్నీ ఆపి, హెచ్‌డీపార్మ్ చిన్న టీ (-t) ఆప్షన్‌తో మూడుసార్లు వేగం కొలిచి తేదీ వేసి రాసుకోండి. పెద్ద టీ (-T) చూపేది మెమరీ వేగాన్ని, దాన్ని డిస్కు ఖాతాలో వేయకండి. కొలవడం మీ డిస్కు మీదే చేయవచ్చు, దేన్నైనా మార్చి చూడాలంటే మాత్రం ఖాళీగా ఉన్న పాత డిస్కు ఒకటి సంపాదించుకోండి.