అప్‌లింక్ మీద ప్రాజెక్టు చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. మొబైల్ నెట్‌వర్కుల్లో అప్‌లింక్ బ్యాండ్‌విడ్త్‌ను ఎవరికెంత పంచాలన్న దానిమీద ప్రాజెక్టు చేస్తానంటోంది. బంధువులేమో ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించమంటున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: చేయనివ్వండి. ఒక్కటే షరతు, రెడీమేడ్ ప్రాజెక్టు కొనకూడదు. కోడ్ తనే రాయాలి.

ఆన్‌లైన్ దరఖాస్తు నింపేటప్పుడు మీరూ గమనించే ఉంటారు. ఫోన్లో వీడియో చక్కగా ఆడుతుంది, ఫోటో, సంతకం మాత్రం ఓ పట్టాన ఎక్కవు. అలా ఫోన్ నుంచి టవర్‌కు డేటా వెళ్లే దారే అప్‌లింక్. టవర్ పదుల వాట్లతో పంపుతుంది. 4జీ ఫోన్‌కు మామూలుగా ఉండే పరిమితి 200 మిల్లీవాట్లే. పైగా ఏ ఫోన్లో ఎంత డేటా ఆగి ఉందో టవర్‌కు తెలియదు. ఫోన్ అడగాలి, లెక్క చెప్పాలి, అప్పుడు దాని వంతు వస్తుంది. ఈ పంపకం ప్రతి మిల్లీసెకనుకూ కొత్తగా జరుగుతుంది.

4జీలో 10 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ ఉంటే, పంచడానికి 50 బ్లాకులు, అంటే 50 చిన్న ఫ్రీక్వెన్సీ ముక్కలు ఉంటాయి. మహేంద్రగిరి వైపు కొండ ఊళ్లో, టవర్‌కు దూరంగా ఉన్న ఫోన్‌కు జాలిపడి 20 ఇచ్చామనుకోండి, పెద్దగా లాభం ఉండదు. ఉన్న 200 మిల్లీవాట్లే ఆ 20 మీదా పరుచుకుని పలచబడతాయి. అలాగని టవర్ పక్కనున్న వాళ్లకే ఇస్తూ పోతే కొండ ఊరికి ఎప్పటికీ వంతు రాదు. ఈ చిక్కు విప్పడమే మీ అమ్మాయి ఎంచుకున్న పని. నాకైతే చాలా మంచి ఎంపిక అనిపిస్తోంది.

ఉద్యోగాల సంగతికొస్తే, పంపకం ఏ సూత్రంతో చేయాలో 3జీపీపీ (మొబైల్ నెట్‌వర్కులకు ప్రమాణాలు రూపొందించే అంతర్జాతీయ వేదిక) ప్రమాణాలు నిర్ణయించవు, పరికరాలు తయారుచేసే కంపెనీలకే వదిలేస్తాయి. అందుకే అది రాసే ఇంజినీర్లు కావాలి. నోకియా, ఎరిక్సన్, శాంసంగ్‌లకు బెంగళూరులో, క్వాల్‌కామ్‌కు హైదరాబాద్‌లో కూడా పరిశోధన విభాగాలున్నాయి. మామూలు సాఫ్ట్‌వేర్‌తో పోలిస్తే ఈ ఖాళీలు తక్కువే. బీటెక్‌తోనే దొరకడం కష్టం, గేట్ రాసి ఎంటెక్ చేస్తే దారి సులువవుతుంది. ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా గట్టిగా ఉండాలి. ఒకవేళ ఇటు కుదరకపోయినా, ఈ ప్రాజెక్టులో పట్టుబడిన సీ ప్లస్ ప్లస్ సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు పనికొస్తుంది. బంధువులకు ఆ మాట చెప్పండి.

మొదలుపెట్టడానికి ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్‌లోని పాఠాలు, కంప్యూటర్‌లోనే నమూనా నెట్‌వర్కును నడిపి చూపే ఎన్ఎస్-3 సిమ్యులేటర్ చాలు, రెండూ ఉచితమే. ముందు పది ఫోన్లతో, అందరికీ వరుసగా వంతు ఇచ్చి చూడమనండి. తర్వాత ప్రొపోర్షనల్ ఫెయిర్ పద్ధతి (ఇప్పుడు అందగల వేగాన్ని, ఇప్పటిదాకా అందిన సగటు వేగంతో పోల్చి వంతు ఇచ్చేది) పెట్టి, దూరంగా ఉన్న ఫోన్‌కు వేగం ఎంత మారిందో గ్రాఫ్ గీయమనండి. మీరు కొనాల్సిందల్లా 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్, అదీ ఇంట్లో లేకపోతేనే.