మావారు వాకిలి దాటడం లేదు

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. నాలుగు నెలల క్రితం గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. రోజూ నడవమని డాక్టరుగారు చెప్పినా వాకిలి దాటరు. గట్టిగా అడిగితే కసురుకుంటారు, ‘రాసిపెట్టి ఉంటే పోతాం’ అంటారు. ఇప్పుడు మాత్రలు కూడా మానేస్తానంటున్నారు. ఏం చేయాలి?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే మా నాన్నగారు గుర్తొచ్చారమ్మా. ఆస్పత్రి నుంచి వచ్చాక మేడ ఎక్కమంటే కాళ్లనొప్పులనేవారు. కౌన్సెలింగ్ నా వృత్తే అయినా నేనూ బద్ధకమనే అనుకున్నాను. ఒకరోజు వెనక నుంచి చూశాను. మూడో మెట్టు మీద ఆగి, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకుంటున్నారు.

నడిస్తే గుండె గబగబా కొట్టుకుంటుంది, చెమట పడుతుంది. గుండెపోటు వచ్చిన రోజూ అంతే కదా! మళ్లీ అదే వస్తోందేమోనని మనసు బెదురుతుంది. ‘భయంగా ఉంది’ అని ఇంట్లో చెప్పడానికి చాలామంది మగవాళ్లకు నోరు రాదు. అదే కసురుగా బయటికొస్తుంది. ఎంత పోరు పెడితే అంత బిగుసుకుంటారు.

ముందు మాత్రల సంగతి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చినవి సొంతంగా మానేస్తే స్టెంట్‌లో గడ్డ ఏర్పడి ప్రాణం మీదికి రావచ్చు. ఎందుకు వద్దంటున్నారో మెల్లగా అడగండి. కడుపులో మంటా, ఖర్చా, విసుగా? అది డాక్టరుకు చెబితే ఏదో దారి చూపిస్తారు.

ఎంత దూరం నడవచ్చో కూడా ఆయన ఎదుటే డాక్టరును అడగండి. వారానికి 150 నిమిషాలు నడవాలనే లెక్క ఇప్పుడే ఎత్తకండి. నేనూ నాన్నగారూ వీధి చివర పాలబూత్ దాకా మొదలుపెట్టాం. పక్కన నడిచానే తప్ప ‘ఎలా ఉంది’ అని ఒక్కసారి కూడా అడగలేదు. వెళ్లొచ్చినా ఏమీ కాలేదని తన ఒంటికే తెలిశాక, మూడో వారంలో ‘గుడి దాకా పోదామా’ అని ఆయనే అన్నారు. నడకలో ఛాతీ నొప్పి, విపరీతమైన ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే మాత్రం ఆగిపోయి 108కి ఫోన్ చేయాలి.

ఇంకో మాట. గుండెపోటు వచ్చిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరికి డిప్రెషన్ వస్తుంది. రెండు వారాలుగా దేనిమీదా ఆసక్తి లేకుండా, దిగులుగా ఉంటున్నారేమో గమనించండి. అవునంటే గుండె డాక్టరుకు దాచకుండా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

ఈ సాయంత్రం ‘నడవండి’ అనకండి. ‘పాలు తేవాలి, నాతో వస్తారా?’ అని అడిగి చూడండి.